అభ్యసన దత్తాంశం – తరగతి బోధన: బళ్లారి వీధిబడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వరకు ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

విద్యార్థి ఏమి నేర్చుకున్నాడో తెలిపే ఆధారాలను సేకరించి, వాటిని బట్టి బోధనను మలచుకోవాలన్న ఆలోచన కంప్యూటర్లతో పుట్టినది కాదు. తెలుగునేలపై దానికి కనీసం రెండు శతాబ్దాల లిఖిత చరిత్ర ఉంది. 1823నాటి బళ్లారి కలెక్టరు నివేదిక, మద్రాసు రాజధానిలోని ఫలితాల గ్రాంటు పద్ధతి, యేట్స్ ప్రశ్న, ప్రవేశపరీక్షల ర్యాంకు విధానం, రిషివ్యాలీ అభ్యసన నిచ్చెన, 2005లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రయోగాత్మక అధ్యయనం, నిరంతర సమగ్ర మూల్యాంకనం, తొలిమెట్టు అనే మజిలీల ద్వారా ఆ చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల విద్యావాతావరణాన్ని నేపథ్యంగా తీసుకొని, దత్తాంశం విద్యార్థి స్థానాన్ని నిర్ణయించడానికి వాడిన సందర్భాలకూ, అధ్యాపకుడి తరువాతి అడుగును నిర్ణయించడానికి వాడిన సందర్భాలకూ గల భేదాన్ని చర్చిస్తుంది. ఆ భేదం తెలుగు బోధనకు ఎందుకు ముఖ్యమో ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అభ్యసన దత్తాంశం, మూల్యాంకనం, వీధిబడి, ఫలితాల గ్రాంటు, ర్యాంకు, అభ్యసన నిచ్చెన, తొలిమెట్టు, తెలుగు బోధన.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ తూర్పు భాగంలో మెట్రో రైలు మూసారాంబాగ్ దాటిన తరువాత దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్ల మీదుగా ఎల్.బి.నగర్ చేరుతుంది. విజయవాడ జాతీయ రహదారిని అనుసరించి పెరిగిన ఈ ప్రాంతానికి నల్లగొండ, ఖమ్మం వైపు నుంచి చదువుల కోసం వచ్చే యువత దశాబ్దాలుగా తొలి మజిలీ. 2007లో ఎల్.బి.నగర్ పురపాలక సంఘం మహానగరపాలక సంస్థలో విలీనమయ్యే నాటికే ఇక్కడ జూనియర్ కళాశాలలు, ఉద్యోగ పరీక్షల శిక్షణ కేంద్రాలు, వసతి గృహాలు, జిరాక్సు దుకాణాలు ఒకదాన్ని ఆనుకొని ఒకటి వెలిశాయి. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాల అభ్యర్థులు, ఇంజనీరింగ్, వైద్య ప్రవేశపరీక్షల విద్యార్థులు ఒకే వీధిలో నడుస్తారు. ఆ వీధుల మలుపుల్లోనే ప్రభుత్వ పాఠశాలలూ, డిగ్రీ కళాశాలలూ ఉన్నాయి.

ఈ రెండు రకాల సంస్థల్లోనూ పరీక్షలు జరుగుతాయి, మార్కులు నమోదవుతాయి. అంటే రెండింటిలోనూ అభ్యసన దత్తాంశం ఉంది. ఒకచోట అది ఫ్లెక్సీ మీద ర్యాంకుగా కనిపిస్తుంది. మరోచోట రిజిస్టరులో, ఇటీవలి కాలంలో యాప్‌లో, గడి నింపిన అంకెగా మిగులుతుంది. ఈ అంకె మరునాటి పాఠాన్ని మారుస్తున్నదా అన్నదే ప్రశ్న. దీనికి జవాబు వెతకాలంటే వర్తమానం ఒక్కటే చాలదు. ఇంతకుముందు ఈ నేలపై ఇటువంటి ప్రయత్నాలు ఏ రూపంలో జరిగాయో, ఎక్కడ ఫలించాయో, ఎక్కడ దారి తప్పాయో చూడవలసి ఉంటుంది.

ఈ వ్యాసంలో 'అభ్యసన దత్తాంశం' అన్న మాటను విస్తృతార్థంలో వాడుతున్నాం. పరీక్ష మార్కు మాత్రమే కాక, విద్యార్థి చేసిన తప్పు స్వరూపం, చదివేటప్పుడు తడబడిన చోటు, అడిగిన ప్రశ్న కూడా ఇందులోకి వస్తాయి.

2. వీధిబడిలో స్థాయి, వరుస

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను కోరాడు. 1826నాటి అతని మినిట్ ప్రకారం రాజధాని మొత్తం మీద 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. ఆ సర్వేలో భాగంగా బళ్లారి కలెక్టరు ఎ.డి.కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక తెలుగు పరిశోధకులకు ప్రత్యేకంగా విలువైనది. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన కాంబెల్ ఇతడే. కాబట్టి అది భాష తెలిసినవాడి నివేదిక. అతని లెక్కలో ఆ జిల్లాలో 533 పాఠశాలలు ఉండగా, వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. మొత్తం విద్యార్థులు 6,641 మంది. వారిలో బాలికలు కేవలం 60 మంది.

ఆ నివేదికలో రెండు అంశాలు మన చర్చకు నేరుగా సంబంధించినవి. మొదటిది: బడిలోని పిల్లలను సాధారణంగా నాలుగు తరగతులుగా విభజించేవారు. ఒక తరగతి నుంచి మరొక తరగతికి వెళ్లడం పిల్లవాడి శక్తి, పురోగతిని బట్టి జరిగేది. కింది తరగతులను కొంతవరకు పై తరగతి పిల్లలే చూసుకొనేవారు, వారిపై పంతులుగారి పర్యవేక్షణ ఉండేది. వయసు కాక స్థాయి ఆధారంగా కూర్చోబెట్టే ఏర్పాటు ఇది. ఇసుకలో వేలితో దిద్దే పిల్లవాడి తప్పు రాసిన క్షణంలోనే కనిపిస్తుంది, క్షణంలోనే చెరిగి మళ్లీ దిద్దబడుతుంది. నమోదు లేదు, కాని స్పందన ఉంది.

రెండవది: ఉదయం బడికి అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండవవాడికి సున్నా చుట్టేవారు. మూడవవాడికి ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఇలా వచ్చిన వరుసను బట్టి దెబ్బలు పెరిగేవి. ఇది కూడా ఒక దత్తాంశమే. అయితే దీని వల్ల పాఠం మారదు, పిల్లవాడి స్థానం మాత్రమే నిర్ణయమవుతుంది. ఒకే బడిలో, ఒకే పంతులు చేతిలో, ఆధారానికి ఈ రెండు వినియోగాలూ పక్కపక్కనే ఉండడం గమనార్హం. తరువాతి రెండు శతాబ్దాల చరిత్రను ఈ రెండు పాయల కథగా చదవవచ్చు.

వీధిబడిని ఆదర్శంగా చూపడం ఇక్కడ ఉద్దేశం కాదు. అది అందరికీ తెరిచిన బడి కాదన్న విషయాన్ని 60 మంది బాలికల సంఖ్యే చెబుతుంది. అంతేకాక, పిల్లలు వల్లెవేసే పద్యగ్రంథాల భాష వాడుక భాషకు చాలా దూరమనీ, చదివేవారికి అర్థం తెలియకుండానే చదువు సాగుతున్నదనీ కాంబెల్ విమర్శించాడు. స్థాయిని గుర్తించే పద్ధతి ఉన్నా, ఆ స్థాయిలో ఏమి నేర్పుతున్నారన్న ప్రశ్న అప్పటికి మిగిలే ఉంది.

3. ఫలితాల గ్రాంటు, యేట్స్ ప్రశ్న

ఇంగ్లండులో 1862 నుంచి అమలైన సవరణ నియమావళి, పాఠశాలకిచ్చే నిధులను పిల్లల పరీక్షాఫలితాలకు ముడిపెట్టింది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే మద్రాసు రాజధానిలోనూ ఫలితాల గ్రాంటు పద్ధతి ప్రవేశించింది. తనిఖీ అధికారి వచ్చి పిల్లలను చదవడం, రాయడం, లెక్కలలో పరీక్షిస్తాడు. ఉత్తీర్ణులైన వారి సంఖ్యను బట్టి బడికి సొమ్ము వస్తుంది. 1882లో నియమితమైన హంటర్ కమిషన్ ప్రాథమిక విద్యలో ఈ పద్ధతిని సమర్థించింది, కళాశాలలకు మాత్రం వద్దన్నది. చివరికి 1904నాటి భారత ప్రభుత్వ విద్యావిధాన తీర్మానం దీనికి వ్యతిరేకంగా నిలిచింది.

ఈ పద్ధతిలో దత్తాంశం పుట్టేది బడిలో, ఉపయోగపడేది కార్యాలయంలో. తనిఖీ రోజున పిల్లవాడు తప్పు చదివితే ఆ తప్పు గ్రాంటులో కోతగా నమోదవుతుందే తప్ప, అది ఎందుకు జరిగిందో పంతులుకు చెప్పే ఏర్పాటు లేదు. పంతులు తన జీవనాధారం కోసం పరీక్షించబోయే వాచకాన్నే కంఠస్థం చేయించడం సహజం. కొలమానం మీద బతుకు ఆధారపడినప్పుడు కొలమానమే చెడిపోతుందని అమెరికన్ సాంఘిక శాస్త్రవేత్త డొనాల్డ్ కాంబెల్ 1970లలో ఒక సూత్రంగా చెప్పాడు. అదే ఇంటిపేరు గల బళ్లారి కలెక్టరు కాలానికీ, ఇతని కాలానికీ మధ్య మద్రాసు రాజధాని బడులు ఆ సూత్రాన్ని అనుభవంలో చూశాయి.

అయితే తనిఖీ వ్యవస్థలోనే దీనికి భిన్నమైన ఒక ఘటన జరిగింది. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ.యేట్స్‌కు, పాఠ్యపుస్తకాల తెలుగుకూ ప్రజలు మాట్లాడే తెలుగుకూ ఎందుకింత తేడా అన్న సందేహం కలిగింది. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి.టి.శ్రీనివాస అయ్యంగార్లతో చర్చగా మారి వ్యావహారిక భాషోద్యమానికి దారితీసిన సంగతి సాహిత్యచరిత్ర చదివిన వారందరికీ తెలిసినదే. దానిని మనం సాధారణంగా భాషాచరిత్రలో భాగంగానే చదువుతాం. విద్యాచరిత్రలో భాగంగా చదివితే మరొక అర్థం తోస్తుంది. ఒక తనిఖీ అధికారి బడి తెలుగులో చూసిన ఇబ్బందిని పిల్లవాడి లోపంగానో, పంతులు లోపంగానో లెక్కించలేదు. నేర్పుతున్న వస్తువు మీదనే ప్రశ్న వేశాడు. అభ్యసన ఆధారం బోధనను ప్రశ్నించిన అపురూప సందర్భం ఇది. కాంబెల్ 1823లో గుర్తించిన సమస్యే ఇక్కడ ఎనిమిది దశాబ్దాల తరువాత ఉద్యమంగా ఎదిగింది.

4. ర్యాంకు వీధి: దిల్‌సుఖ్‌నగర్

ఆంధ్రప్రదేశ్‌లో 1986 నుంచి జె.ఎన్.టి.యు. ఆధ్వర్యంలో జరిగిన ఎంసెట్, అభ్యసన దత్తాంశానికి ర్యాంకు అనే కొత్త రూపాన్ని ఇచ్చింది. మార్కు విద్యార్థికీ పాఠానికీ మధ్య సంబంధాన్ని చెబుతుంది. ర్యాంకు విద్యార్థికీ తోటి విద్యార్థికీ మధ్య దూరాన్ని చెబుతుంది. పాఠం ఎంత బాగా నేర్చుకున్నా పక్కవాడు ఇంకా బాగా నేర్చుకుంటే ర్యాంకు తగ్గుతుంది. అందువల్ల ర్యాంకు బోధనకు ఇచ్చే సమాచారం చాలా తక్కువ.

అయినా దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల శిక్షణ సంస్థల దత్తాంశ వినియోగాన్ని తేలికగా కొట్టివేయలేం. వారాంతపు పరీక్ష, ప్రశ్నలవారీ విశ్లేషణ, ఏ అధ్యాయంలో ఎందరు తప్పారన్న లెక్క, సందేహ నివృత్తి గంటలు ఆ సంస్థల్లో ఎప్పటినుంచో ఉన్నవే. వేగం, సామీప్యం, క్రమబద్ధత అనే మూడు లక్షణాలలో అవి చాలా ప్రభుత్వ కార్యక్రమాలకంటే ముందున్నాయని ఒప్పుకోవాలి. కాని ఆ దత్తాంశం చివరికి చేసే పని ఎక్కువగా విభజన. మార్కులను బట్టి సెక్షన్లు మారతాయి. పై సెక్షనుకు అనుభవజ్ఞులైన అధ్యాపకులు, కింది సెక్షనుకు మిగిలినవారు అన్న ఏర్పాటు సాధారణం. ఎవరికి బోధన ఎక్కువ అవసరమో వారికి తక్కువ బోధన అందుతుంది. వీధిబడిలో పిల్లవాడు స్థాయిని బట్టి పై తరగతికి ఎక్కేవాడు. ఇక్కడ స్థాయిని బట్టి వనరులు ఎక్కువతక్కువలవుతాయి. పైకి ఒకేలా కనిపించే ఈ రెండు ఏర్పాట్ల మధ్య తేడా ఇదే.

దీని మానసిక మూల్యం ప్రభుత్వ దృష్టికి రాకపోలేదు. జూనియర్ కళాశాలల విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లో నీరదారెడ్డి కమిటీ ఏర్పడింది. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో వెలువరించిన శిక్షణ కేంద్రాల మార్గదర్శకాలు పదహారేళ్లలోపు పిల్లలను చేర్చుకోరాదన్నాయి. అంతకంటే మన చర్చకు ముఖ్యమైనది మరొకటి ఉంది. అంతర్గత పరీక్షల ఫలితాలను బహిరంగపరచరాదనీ, వాటిని గోప్యంగా ఉంచి విద్యార్థి పురోగతి విశ్లేషణకు వాడాలనీ, వెనుకబడుతున్నవారికి సహాయం అందించాలనీ, ప్రతిభ ఆధారంగా బ్యాచులుగా విడదీయరాదనీ ఆ మార్గదర్శకాలు చెప్పాయి. మార్కు ప్రదర్శనకు కాదు, బోధనకు అన్న సూత్రం పరిపాలనా భాషలో ఇంత స్పష్టంగా రావడం విశేషం.

దత్తాంశం నమ్మదగినది కాకపోతే ఏమవుతుందో 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు చూపాయి. తెలుగులో సున్నా వచ్చినట్లు ప్రకటించిన ఒక విద్యార్థినికి పునఃపరిశీలనలో 99 మార్కులు వచ్చాయి. ఫలితాల తరువాతి రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీని నియమించి, ఉత్తీర్ణులు కాని వారందరి జవాబుపత్రాలను ఉచితంగా పునఃపరిశీలింపజేసింది. సున్నాకూ 99కీ మధ్య తేడాను ఆమెకు తెలుగు చెప్పిన ఏ అధ్యాపకుడైనా ఒక్క చూపులో పట్టుకొని ఉండేవాడు. ఏడాది పొడవునా విద్యార్థిని చూసిన కంటికి ఆ అంకెను ప్రశ్నించే స్థానం వ్యవస్థలో లేకపోవడమే అసలు లోపం.

5. నిచ్చెన: రిషివ్యాలీ అనుభవం

1980లలో ఆంధ్రప్రదేశ్‌లో రెండు భిన్నమైన ప్రయత్నాలు మొదలయ్యాయి. బ్రిటిష్ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు బోధనా సూత్రాలను ప్రతిపాదించింది. వ్యక్తిగత భేదాలకు చోటివ్వడం వాటిలో ఒకటి. సూత్రం మంచిదే. కాని ఏ పిల్లవాడు ఎక్కడ ఉన్నాడో రోజూ తెలిసే సాధనం లేకుండా ఒక ఉపాధ్యాయుడు భేదాలకు చోటివ్వడం కష్టం.

ఆ సాధనం మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో రూపొందింది. వై.ఎ.పద్మనాభరావు, ఎ.రమ నాయకత్వంలో చుట్టుపక్కల గ్రామాల ఏకోపాధ్యాయ బడుల కోసం తయారైన ఆ పద్ధతిలో ఏడాది పాఠ్యాంశం చిన్న చిన్న మైలురాళ్లుగా, ప్రతి మైలురాయి కొన్ని కార్డులుగా విడిపోతుంది. గోడమీది 'అభ్యసన నిచ్చెన' చూసి పిల్లవాడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో తానే తెలుసుకొని తన కార్డు తానే తీసుకుంటాడు. నేర్చుకోవడం, అభ్యాసం, మూల్యాంకనం, అవసరమైతే పునర్బోధన, ఆ పైన అదనపు అంశం అన్నవి నిచ్చెనలోనే ఇమిడి ఉంటాయి. పరీక్ష వేరుగా ఉండదు. మూల్యాంకన కార్డు దాటని పిల్లవాడు కింది తరగతికి జారడు. అదే అంశాన్ని మరో దారిలో నేర్చుకుంటాడు. ఈ నమూనా ప్రేరణతో కర్ణాటకలో నలి-కలి, తమిళనాడులో కృత్యాధార అభ్యసనం విస్తృతంగా అమలయ్యాయి.

ఇక్కడ దత్తాంశాన్ని పుట్టించేవాడు, చదివేవాడు, వాడేవాడు ఒకే గదిలో ఉన్నారు. వారిలో విద్యార్థి కూడా ఒకడు. ఇసుకలో దిద్దిన వీధిబడి పిల్లవాడికి ఉన్న తక్షణ స్పందన, ఆధునిక పాఠ్యప్రణాళిక క్రమంతో కలిసిన సందర్భంగా దీనిని చూడవచ్చు. తెలుగునేలపై పుట్టిన ఈ నమూనా పొరుగు రాష్ట్రాల్లో పొందినంత విస్తృతి ఇక్కడి ప్రభుత్వ బడుల్లో పొందకపోవడం ఆలోచించదగ్గ విషయం.

6. 2005: నివేదిక చేతికి అందినా

దత్తాంశాన్ని ఉపాధ్యాయుడి చేతికి అందిస్తే చాలు, బోధన మెరుగవుతుందన్న నమ్మకాన్ని నేరుగా పరీక్షించిన అధ్యయనం కూడా మన ప్రాంతానిదే. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచబ్యాంకు భాగస్వామ్యంతో 2005-06లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో యాదృచ్ఛిక ఎంపిక పద్ధతిలో ప్రయోగాలు మొదలయ్యాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ వీటి ఫలితాలను ప్రచురించారు.

వాటిలో ఒక ప్రయోగంలో 100 పాఠశాలల ఉపాధ్యాయులకు విద్యాసంవత్సరం ఆరంభంలో తమ పిల్లల పరీక్షాఫలితాల వివరమైన విశ్లేషణ నివేదికలు, వాటిని ఎలా వాడుకోవాలో సూచనలు ఇచ్చారు. ఏడాదిలో పరిశీలకులు వచ్చి చూశారు. పరిశీలకులున్న సమయంలో ఆ ఉపాధ్యాయులు ఎక్కువ శ్రద్ధగా బోధించినట్లు కనిపించింది. కాని ఏడాది చివర స్వతంత్ర పరీక్షలో వారి విద్యార్థులు, నివేదికలు అందని బడుల విద్యార్థులకంటే మెరుగ్గా ఏమీ రాయలేదు. 2010లో ప్రచురితమైన ఈ ఫలితం ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చింది.

దీనికి జోడుగా చదవవలసినది మరొకటి. ఫలితాలను బట్టి ఉపాధ్యాయులకు అదనపు ప్రతిఫలం ఇచ్చిన బడుల్లో రెండేళ్లకు విద్యార్థుల గణితం 0.27, భాష 0.17 ప్రామాణిక విచలనాల మేర మెరుగుపడ్డాయి. అటువంటి బడుల్లో అదే రకం నివేదికను ఉపయోగకరమని చెప్పిన ఉపాధ్యాయుల విద్యార్థులు బాగా రాశారు. ప్రతిఫలం లేని బడుల్లో ఆ సంబంధం కనిపించలేదు. అంటే నివేదికలో సమాచారం లేక కాదు, దానిని వాడుకోవడానికి కారణం లేక అది పనిచేయలేదని పరిశోధకుల వ్యాఖ్యానం.

ఈ వ్యాఖ్యానాన్ని అంగీకరిస్తూనే చరిత్ర దృష్ట్యా ఒక మాట చేర్చవచ్చు. సొమ్ముతో కారణం కల్పించిన ప్రయోగం పందొమ్మిదో శతాబ్దంలోనూ జరిగింది, అది వల్లెవేతగా దిగజారింది. 2005నాటి ప్రయోగం యాంత్రిక ప్రశ్నలనూ, అవగాహన ప్రశ్నలనూ విడివిడిగా పరీక్షించి రెండింటిలోనూ మెరుగుదల చూసింది కాబట్టి రెంటినీ ఒకే గాటన కట్టలేం. కాని సంవత్సరారంభంలో ఒకసారి వచ్చే నివేదిక, మారని పాఠ్యప్రణాళిక, పూర్తి చేయవలసిన సిలబస్ మధ్య నిలబడ్డ ఉపాధ్యాయుడికి ప్రతిఫలం లేకపోవడమే ఏకైక అడ్డంకి అనుకోలేం. పిల్లవాడు మూడవ తరగతిలో ఉండి ఒకటవ తరగతి స్థాయిలో చదువుతున్నాడని నివేదిక చెబుతుంది. మూడవ తరగతి వాచకం పూర్తి చేయమని షెడ్యూలు చెబుతుంది. దత్తాంశం ఒక దిక్కు చూపితే ఆదేశం మరో దిక్కుకు నడిపిస్తుంది.

7. నిరంతర సమగ్ర మూల్యాంకనం నుంచి తొలిమెట్టుకు

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లల అవగాహననూ, దానిని అన్వయించగల శక్తినీ నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని చెప్పింది. తెలుగు రాష్ట్రాల్లో ఇది నాలుగు నిర్మాణాత్మక, రెండు సంగ్రహణాత్మక మూల్యాంకనాలుగా స్థిరపడింది. నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందన, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘుపరీక్ష అనే నాలుగు సాధనాలు చేరాయి. భావనగా ఇది గొప్ప మార్పు. నిర్మాణాత్మకం అన్న మాటకు అర్థమే, ఇంకా నిర్మాణంలో ఉన్న అభ్యసనాన్ని చూసి బోధనను సరిదిద్దడం. 1967లో మైకేల్ స్క్రివెన్ ఈ భేదాన్ని ప్రతిపాదించాడు. 1998లో పాల్ బ్లాక్, డిలన్ విలియం దాని ప్రభావాన్ని విస్తృతంగా సమీక్షించారు.

ఆచరణలో ఆ నాలుగు సాధనాలకూ మార్కులు కేటాయించడంతోనే వాటి స్వభావం మారింది. పదో తరగతిలో 20 అంతర్గత మార్కులు తుది ఫలితంలో కలిసినప్పుడు, లఘుపరీక్షలో విద్యార్థి తప్పు చేయడం నష్టంగా మారింది. తప్పు చేయగల స్వేచ్ఛ లేని చోట నిర్మాణాత్మక దత్తాంశం పుట్టదు. ప్రాజెక్టు పని దిల్‌సుఖ్‌నగర్ జిరాక్సు దుకాణంలో దొరికే వస్తువైతే అది విద్యార్థి గురించి చెప్పేది శూన్యం.

తెలంగాణ ప్రభుత్వం 2022 ఆగస్టులో ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు తొలిమెట్టును, ఆ మరుసటి ఏడాది ఉన్నత పాఠశాలలకు ఉన్నతిని ప్రారంభించింది. పిల్లల ప్రారంభస్థాయిని పరీక్షించి, చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియల్లో కనీస సామర్థ్యాలను సాధింపజేయడం తొలిమెట్టు ఉద్దేశం. తరగతి వాచకంకంటే పిల్లవాడి స్థాయి ముందు అని ఒప్పుకున్నందువల్ల ఇది 2005నాటి చిక్కుముడిని విప్పే దిశలో ఉంది. అయితే నమోదు చేసే సమయం బోధించే సమయాన్ని తినివేయకుండా, నివేదిక పైకి పంపడమే పనిగా మారకుండా చూసుకోకపోతే, ఫలితాల గ్రాంటు కాలపు తనిఖీ కొత్త వేషంలో తిరిగి రావచ్చు.

8. తెలుగు తరగతిలో దత్తాంశం

2018నాటి చట్టం తెలంగాణలోని అన్ని పాఠశాలల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. దాని ఫలితంగా ఎల్.బి.నగర్ పరిసరాల వంటి చోట తెలుగు తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు, మాట్లాడనివారు, మాట్లాడినా చదవలేనివారు కలిసి కూర్చుంటారు. సి.బి.ఎస్.ఇ. తదితర బోర్డుల వారికోసం 'సింగిడి', 'వెన్నెల' అని రెండు స్థాయిల వాచకాలు వచ్చాయి. స్థాయిభేదాన్ని గుర్తించినందుకు ఇది మెచ్చదగినది. కాని ఏ విద్యార్థికి ఏ వాచకం అన్నది అతని బోర్డును బట్టి కాక అతని అభ్యసనాన్ని బట్టి నిర్ణయమైనప్పుడే స్థాయి అన్న మాటకు అర్థం ఉంటుంది.

ఉక్తలేఖనంలో పదికి ఆరు మార్కులు వచ్చిన ముగ్గురిని ఊహించుదాం. మొదటివాడు 'ధనం'ను 'దనం' అనీ, 'విద్యార్థి'ని 'విద్యార్ది' అనీ రాశాడు. అతడు తాను పలికినట్లే రాశాడు. వాడుక ఉచ్చారణలో మహాప్రాణం నిలవదు కాబట్టి మళ్లీ మళ్లీ చెప్పి రాయించడం వల్ల ప్రయోజనం తక్కువ. ధనం, ధనికుడు, నిర్ధనుడు వంటి పదకుటుంబాలను కంటితో చూపించాలి. రెండవవాడు 'అమ్మ', 'అన్నం', 'అత్త' వంటి పదాల్లో ఒత్తుల దగ్గర తడబడ్డాడు. మ, న, త వంటి అక్షరాల ఒత్తులు మూలాక్షరాన్ని పోలి ఉండవు. అతనికి కావలసింది ఆ కొద్ది రూపాల మీద ప్రత్యేక సాధన. మూడవవాడు 'వచ్చాడు'కు బదులు 'వచ్చిండు' అని రాశాడు. అతడు తప్పు రాయలేదు, తన తెలుగు రాశాడు. అతనికి నేర్పవలసింది సందర్భాన్ని బట్టి మాండలికానికీ, ప్రమాణ రూపానికీ మధ్య రాకపోకలు చేయడం.

ముగ్గురికీ ఆరు మార్కులే. రిజిస్టరులో ముగ్గురూ ఒకటే. మూడు వేర్వేరు పాఠాలు అవసరమైన చోట ఒకే 'వెనుకబడిన' ముద్ర పడుతుంది. మూడవవాడి విషయంలో అన్యాయం మరింత లోతైనది. దేనిని తప్పుగా లెక్కించాలో ముందే నిర్ణయించుకున్న కొలమానం అతని ఇంటిభాషను లోపంగా నమోదు చేస్తుంది. యేట్స్ వేసిన ప్రశ్న ఇక్కడ మళ్లీ అవసరమవుతుంది: ఇది పిల్లవాడి లోపమా, మనం నేర్పుతున్న పద్ధతి లోపమా? దత్తాంశం ఎప్పుడూ తటస్థం కాదు. గళ్లు గీసినవాడి భాషాదృష్టి ఆ గళ్లలోనే ఉంటుంది. అందువల్ల తెలుగు అధ్యాపకులు మార్కుల పట్టికకు పక్కన తప్పుల స్వభావాన్ని తెలిపే మరో వరుసను చేర్చుకోవడం అవసరం. ఉచ్చారణ ప్రభావం, లిపిరూపం, మాండలికం, పదసంపద, అవగాహన అనే ఐదు విభాగాలు చాలు. దీనికి యాప్ అక్కరలేదు, ఒక నోటుపుస్తకం సరిపోతుంది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి కింది అంశాలను ప్రతిపాదించవచ్చు.

• అభ్యసన దత్తాంశ వినియోగం తెలుగునేలకు కొత్త కాదు. స్థాయిని గుర్తించి నేర్పడం, వరుసను నిర్ణయించి శిక్షించడం అనే రెండు వినియోగాలూ 1823నాటి వీధిబడిలోనే కలిసి కనిపిస్తాయి.

• దత్తాంశం పుట్టిన చోటికీ వాడే చోటికీ దూరం పెరిగినప్పుడు అది బోధనను వదిలి పరిపాలనకు చేరింది. ఫలితాల గ్రాంటు, 2019 ఫలితాల ఉదంతం దీనికి రెండు కొసలు.

• సామీప్యం ఒక్కటే చాలదు. నివేదిక చేతికి అందినా, దానికి అనుగుణంగా పాఠాన్ని మార్చే కారణం, సమయం, స్వేచ్ఛ లేకపోతే ఫలితం ఉండదని 2005-06 ప్రయోగం నుంచి గ్రహించవచ్చు.

• ప్రేరణ ఒక్కటీ చాలదు. బలమైన ప్రేరణ, వేగవంతమైన విశ్లేషణ ఉన్న శిక్షణ సంస్థల్లో దత్తాంశం ప్రధానంగా విభజనకు తోడ్పడింది. వెనుకబడినవారికి ఎక్కువ బోధన అందినప్పుడే దానిని బోధనా వినియోగం అనగలం.

• రిషివ్యాలీ నిచ్చెన చూపినట్లు, విద్యార్థి తన దత్తాంశాన్ని తానే చదవగలిగినప్పుడు మూల్యాంకనం భయం కాకుండా దారి అవుతుంది.

• తెలుగు బోధనలో మార్కుకంటే తప్పు స్వభావం విలువైన ఆధారం. మాండలికాన్ని తప్పుగా లెక్కించే కొలమానాన్ని ముందుగా సరిదిద్దాలి.

దిల్‌సుఖ్‌నగర్ కూడలిలో ఫలితాల కాలంలో వెలిసే ఫ్లెక్సీలు మొదటి పదిమంది ముఖాలనే చూపుతాయి. ఆ దత్తాంశంలోని మిగిలిన వేలమందికి ఏమి నేర్పాలో తెలిసినవాడు వారి తరగతి అధ్యాపకుడు ఒక్కడే. అతని పరిశీలనను వ్యవస్థ ఆధారంగా గుర్తించడం, ఆ ఆధారంతో పాఠం మార్చే అధికారం అతనికి ఇవ్వడం ఈ చరిత్ర మన ముందుంచే కర్తవ్యం.